బ్యాగు కొనే ముందు హాజరు పట్టీ చూడండి

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్తే. మాది నారాయణపేట జిల్లాలో కర్ణాటక సరిహద్దు దగ్గరి ఊరు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. పదో తరగతి వరకు చదివాను. మా ఊర్లో దసరా, దీపావళి దాటగానే చాలా ఇండ్లకు తాళాలు పడతాయి. పుణె, ముంబై, హైదరాబాద్ పనులకు పోతారు. కొందరు పిల్లల్ని వెంట తీసుకెళ్తారు, కొందరు అవ్వల దగ్గర వదిలిపెడతారు. అప్పటి నుంచి బడిలో బెంచీలు ఖాళీ. మా మహిళా సంఘంలో పది మందిమి కలిసి ఏడాదికి 25,000 రూపాయలు పిల్లల చదువుకు పెడదామనుకున్నాం. అందరికీ బ్యాగులు, నోట్‌బుక్కులు పంచుదామని కొందరంటున్నారు. బాగా చదివే ఇద్దరిని ఎంచుకొని టౌన్‌లో ప్రైవేటు బడిలో వేద్దామని ఇంకొందరంటున్నారు. ఏది మంచిది? ఇంకొక మాట. మా పక్కింటి పిల్లకు పన్నెండేళ్లు. రెండేళ్లు పుణెలో తల్లిదండ్రుల దగ్గర ఉండి తమ్ముణ్ని చూసుకుంది. ఇప్పుడు తమ్ముడికి మూడేళ్లు. ఇద్దరూ అవ్వతో ఊర్లోనే ఉన్నారు. పొద్దంతా నా దగ్గర కూర్చొని గుండీలు కుడుతుంది. బడికి తీసుకెళ్తే టీసీ తెమ్మన్నారు, వయసు మించిపోయిందన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మీరు డబ్బు సంగతి ముందు రాసి, పక్కింటి పిల్ల సంగతి చివర్లో రాశారు. నేను ఆ పిల్లతోనే మొదలుపెడతాను. ఆమెను బడిలో చేర్చడానికి మీ 25,000లో ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. మీరు రెండు మూడు రోజులు మిషన్ ఆపి తిరగాల్సి ఉంటుంది, అంతే.

విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఏ పిల్ల వచ్చి అడిగినా, ఏడాదిలో ఏ నెలలో వచ్చినా, సర్కారు బడి చేర్చుకోవాలి. టీసీ లేదనీ, పుట్టిన తేదీ కాగితం లేదనీ వెనక్కి పంపకూడదు. పన్నెండేళ్ల పిల్లను ఆ వయసు పిల్లలు చదివే తరగతిలోనే చేర్చుకోవాలి. వెనకబడిన చదువు అందుకోవడానికి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగేళ్లు నిండిపోయినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఆమెకు ఆ హక్కు ఉంటుంది. కాబట్టి వయసు మించిపోయిందన్న మాటకు మీరు తల దించుకొని రావలసిన పని లేదు.

ఆ హెడ్‌మాస్టారు చెడ్డవారని కూడా అనుకోకండి. ఇప్పుడు పిల్లల వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి. ఈ పిల్ల పేరు రెండేళ్ల కిందట ఏ తరగతిలో ఆగిందో అక్కడే ఉండి ఉంటుంది. దాన్ని కదిలించడం ఆయనకు అదనపు పని, టీసీ అడగడం సులువు. ఈసారి మీరొక్కరే వెళ్లకండి. సంఘం నుంచి నలుగురు, పిల్ల అవ్వను కూడా వెంటబెట్టుకొని వెళ్లండి. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాల్లో అర్జీ రాసి, రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. మీ చుట్టుపక్కల బడులన్నీ కలిపిన క్లస్టర్‌కు సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) అని ఒకరు ఉంటారు. బడి బయట పిల్లల లెక్క రాసుకునేది వాళ్లే. ఈ పిల్ల పేరు ఆ లెక్కలో ఎక్కించమని ఫోన్ చేసి చెప్పండి. అక్కడా కదలకపోతే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లండి. అంతదాకా పోవాల్సిన అవసరం రాదనే నా నమ్మకం. నలుగురు ఆడవాళ్లు చేతిలో కాగితంతో బడి వరండాలో నిలబడితే చాలా పనులు అక్కడే అయిపోతాయి.

ఈమెకు నేనైతే కస్తూర్బా విద్యాలయం అడుగుతాను. 2004లో ఆ పథకం పెట్టిందే ఇలాంటి ఆడపిల్లల కోసం. మధ్యలో బడి మానేసినవాళ్లు, అమ్మానాన్న లేనివాళ్లు, ఇద్దరిలో ఒకరే ఉన్నవాళ్లు. ఆరో తరగతి నుంచి ఉంటుంది, ప్రవేశ పరీక్ష లేదు, అక్కడే ఉండి అక్కడే తిని చదువుకోవచ్చు. ఏడాది మధ్యలో అయినా ఖాళీ ఉంటే తీసుకుంటారు. ఆ బడిని చూసుకునే స్పెషల్ ఆఫీసర్ మేడంను కలిసి మాట్లాడండి. అమ్మానాన్నలు పుణె పోయినా ఈ పిల్ల కదలాల్సిన పని ఉండదు. అవ్వ భయపడుతుంది. పరాయి చోట ఆడపిల్లను వదలడమా అంటుంది. ఆమె భయం తప్పు కాదు. ఒక ఆదివారం అవ్వను తీసుకెళ్లి పిల్లలు పడుకునే గది, వంటగది, స్నానాల గదుల తలుపులకు గడియలు ఉన్నాయో లేదో ఆమెనే చూసుకోనివ్వండి. మీకే అక్కడ ఏదైనా నచ్చకపోతే వద్దు, ఊరి బడిలోనే చేర్చండి.

అసలు చిక్కు తమ్ముడు. ఈ సంగతి మన మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు. పెద్దపిల్ల బడి మానడానికి చాలా ఇండ్లలో కారణం చంకలో ఉన్న చిన్నపిల్లవాడు. తల్లి ఇటుకలు మోస్తుంటే వాణ్ని ఎవరు చూడాలి? అందుకే అక్కను తీసుకెళ్తారు. మీరు ఆమెను బడిలో చేర్చినా, తమ్ముడికి ఒక చోటు దొరకకపోతే వారం తిరగకుండానే మళ్లీ ఇంట్లో ఉంటుంది. వాడికి మూడేళ్లు నిండాయంటున్నారు కాబట్టి అంగన్‌వాడీలో చేర్చండి. మధ్యాహ్నం అక్కడే అన్నం, గుడ్డు పెడతారు. అంగన్‌వాడీ వదిలాక వాణ్ని ఇంటికి తీసుకురావడానికి సంఘంలో ఒకరు ఒప్పుకుంటే అక్క సాయంత్రం దాకా తరగతిలో కూర్చోగలదు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, నేను చూసిన ఇండ్లలో చదువు నిలబడిందీ కూలిందీ దీని మీదే.

ఇక మీ డబ్బు సంగతి. దానికి ముందు నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి.

1990లలో మక్తల్ వైపు ఒక ఊరి బడిలో పనిచేశాను. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు, ఎక్కాలు గడగడా చెప్పేవాడు. దీపావళికి వాళ్ల నాయన కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు, ఇంటిల్లిపాదీ ముంబై వెళ్లిపోయారు. నెలలు గడిచినా రాని పిల్లల పేర్లు అప్పట్లో కొట్టేసేవాళ్లం. సంక్రాంతి తర్వాత వాడి పేరు మీద నా చేత్తోనే ఎర్ర గీత పెట్టాను. ఏప్రిల్‌లో ఒకరోజు ఎండలో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నేను బోర్డు మీద భాగాహారం చేయిస్తున్నాను. లోపలి పిల్లలెవరూ చెప్పకముందే వాడు గడప బయటి నుంచి జవాబు చెప్పాడు. నేను ఏమన్నానో తెలుసా? "జూన్‌లో మీ నాయనను తీసుకొని రా, మళ్లీ పేరు రాస్తాను" అన్నాను. ఆ జూన్‌లో నాకు వేరే ఊరికి బదిలీ అయింది. వాడు వచ్చాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పేరు గీత కింద ఉంటే ఉండనీ, లోపలికి వచ్చి కూర్చో అని ఉంటే ఏమయ్యేది? ఎవరూ నన్ను ఏమీ అనేవాళ్లు కాదు.

అప్పటి నుంచి నేను ఏ బడికి వెళ్లినా ముందు హాజరు పట్టీ తిరగేస్తాను. మన పాలమూరులో పేద పిల్లల చదువు ఎక్కడ తెగుతుందో అందులో కనిపిస్తుంది. బడి జూన్ రెండో వారంలో తెరిచి ఏప్రిల్ చివర్లో మూస్తారు. వలస దీపావళికి మొదలై ఉగాది దాటాక ముగుస్తుంది. అంటే చదువు సాగే పది నెలల్లో దాదాపు సగం పోతుంది. గద్వాల వైపు వెళ్తే నెలలు మారతాయి. అక్కడ సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పత్తి పండిస్తారు. పూత కాలంలో క్రాసింగ్ పని ఉంటుంది. సాయంత్రం మొగ్గల రేకులు, కేసరాలు తీసి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. అద్దే వేళ, బడి గంట కొట్టే వేళ ఒకటే. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా అక్కడి పట్టీలో ఆడపిల్లల పేర్ల ఎదుట బడికి రాలేదని పెట్టే 'ఆ' లు వరసగా ఉంటాయి. దేవరకొండ వైపు కొన్ని తండాల్లో ఎనిమిదో తరగతి అయ్యాక తెగుతుంది. హైస్కూలు దూరం, ఆటో చార్జీ, పైన పెళ్లి మాటలు. ప్రతి ఊరికీ ఇలా తెగే చోటు ఒకటి ఉంటుంది. మీ ఊర్లో అది నవంబర్. మీ డబ్బంతా ఆ నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు ఉన్న గుంతను పూడ్చడానికే పెట్టమని నా సలహా.

బ్యాగులు వద్దంటాను. పాఠ్యపుస్తకాలు, యూనిఫాం సర్కారు ఇస్తుంది. పదో తరగతి దాకా మధ్యాహ్నం అన్నం పెడతారు. జూన్‌లో పంచిన బ్యాగు నవంబర్‌లో బట్టల మూటై పుణె బస్సెక్కడం నేను కళ్లారా చూశాను. నిజంగా ఏదైనా కొనాలనిపిస్తే పిల్లలందరినీ ఒకసారి బోర్డు దూరం నుంచి చదివించండి. ఒకరికో ఇద్దరికో కళ్లద్దాలు అవసరమని తేలుతుంది. వాళ్లకు కొనివ్వండి.

ఇద్దరిని ఎంచి ప్రైవేటు బడిలో వేయడం గురించి నా మనసులో మాట చెప్తాను, సంఘంలో ఎవరికైనా కష్టం కలిగితే క్షమించాలి. అది నాకు ససేమిరా ఇష్టం లేదు. ఫీజు ప్రతి ఏడాది పెరుగుతుంది, మీ పొదుపు అంతగా పెరగదు. మూడో ఏట డబ్బు చాలకపోతే ఆ పిల్ల తల వంచుకొని ఊరి బడికి తిరిగి రావాలి. ఎనిమిదేళ్ల వయసులో ఎవరు బాగా చదువుతారో మీరు నేను ఎలా చెప్తాం? ఇంట్లో అమ్మానాన్న ఉన్న పిల్ల బాగా చదివినట్టు కనిపిస్తుంది. తమ్ముణ్ని ఎత్తుకున్న పిల్ల వెనకబడినట్టు కనిపిస్తుంది.

ఉచితంగా దొరికే మంచి సీట్ల కోసం మాత్రం తప్పకుండా ప్రయత్నించండి. ఇద్దరితో కాదు, ఆ తరగతిలో ఇష్టపడిన పిల్లలందరితో. 1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మన నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. ఆ సర్వేల్ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అలా మొదలైన గురుకులాలు ఈ రోజు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు వేరువేరుగా ఎన్నో ఉన్నాయి. నాలుగో తరగతి చదివే పిల్లలు ఐదో తరగతి సీటుకు పరీక్ష రాస్తారు. పల్లెటూరి కుటుంబానికి ఏడాది ఆదాయం లక్షన్నర దాటకూడదు. ఐదో తరగతి పిల్లలు పరీక్ష రాయడానికి నవోదయ ఉంది, అది కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడి. పాత పాలమూరు జిల్లాకు వట్టెంలో, నల్గొండకు చలకుర్తిలో పెట్టారు. నూటికి 75 సీట్లు పల్లె పిల్లలకే.

ఇక్కడ పేద పిల్లలు పరీక్షలో ఫెయిల్ కావడం కన్నా పరీక్ష దాకా రాకుండా పోవడమే ఎక్కువ. గురుకుల పరీక్ష మామూలుగా ఫిబ్రవరిలో వస్తుంది. అప్పటికి అమ్మానాన్న పుణెలో ఉంటారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవకు ఎవరు తిరగాలి? పరీక్ష రోజు పొద్దున్నే పిల్లను టౌన్‌కు ఎవరు తీసుకెళ్లాలి? అవ్వకు ఆ సెంటర్ ఎక్కడో తెలియదు. కాబట్టి దసరాకు ముందే, తండ్రి ఊర్లో ఉండగానే, సర్టిఫికెట్లు తీయించి ఒక కవర్‌లో మీ దగ్గర పెట్టుకోండి. దరఖాస్తు వంద రూపాయలు, పరీక్ష రోజు ఒక ఆటో, పిల్లలకు టిఫిన్, వాళ్లతో మీలో ఇద్దరు. బ్యాగులకు పెట్టే డబ్బులో పదో వంతు కూడా కాదిది.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్ఎంఎంఎస్ అని ఒక స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. సర్కారు బడిలో, ఎయిడెడ్ బడిలో చదివేవాళ్లే రాయాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 వస్తుంది. నాలుగేళ్లకు 48,000. మీ పది మంది ఏడాదంతా కూడబెట్టే దానికి దాదాపు రెండింతలు ఒక్క పిల్లకు వస్తుంది. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉంటే మాత్రం ఆ డబ్బు చేతికి రాదు. ఏడో తరగతిలో ఉండగానే అన్నిచోట్లా పేరు ఒకేలా ఉందో లేదో చూసి సరిచేయించండి. ప్రతి ఏడాది రెన్యువల్ చేయడం కూడా మరవొద్దు.

సీట్లు రాని పిల్లలే ఎక్కువ ఉంటారు. మీ డబ్బులో పెద్ద భాగం వాళ్లదే కావాలి. సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం కింద వలస పోయేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టల్ నడిపే వీలుంది. అమ్మానాన్న వచ్చేదాకా పిల్లలు ఊర్లోనే ఉండి, తిని, అదే బడికి వెళ్తారు. అది దానంతట అది రాదు. ఏ ఇంటి నుంచి ఎవరు పోతున్నారు, పిల్లలు ఎవరు, ఏ తరగతి అని పేర్లు రాసి హెడ్‌మాస్టారి ద్వారా మండల విద్యాధికారికి ఇప్పుడే ఇవ్వండి. మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ ఇచ్చాక ఇస్తే ఆలస్యం అయినట్టే.

అది వచ్చినా రాకపోయినా సాయంత్రాలు మీ చేతిలోనే ఉన్నాయి. ఊర్లో ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయి ఎవరైనా ఉంటే నెలకు 2,000 ఇచ్చి రోజూ రెండు గంటలు కూర్చోమనండి. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా 12,000. ఊరికే చేయమని అడగకండి, డబ్బు ఇస్తేనే రోజూ వస్తుంది. పిల్లల్ని తరగతి చూసి కూర్చోబెట్టొద్దని ఆమెకు చెప్పండి. ఒక చిన్న పేరా చదివించి చూడండి. గడగడా చదివేవాళ్లు ఒక గుంపు, మాటలు చదవగలిగేవాళ్లు ఒక గుంపు, అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు ఒక గుంపు. ఆరో తరగతి పిల్ల మూడో తరగతి పిల్ల పక్కన కూర్చోవాల్సి వస్తే కూర్చోనివ్వండి, ఎవరూ నవ్వకుండా చూసుకుంటే చాలు. ప్రథమ్ సంస్థ దేశంలో చాలాచోట్ల చేసి చూపించిన పద్ధతి ఇదే. మన ప్రాథమిక బడుల్లో 2022 నుంచి తొలిమెట్టు పేరుతో సార్లు చేస్తున్నదీ ఈ దారిలోనే.

ఇంగ్లీష్ మీడియం గురించి ఒక మాట. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. ఐదు నెలలు బడికి దూరమైన పిల్లకు ఆ ఇంగ్లీష్ పేజీ గోడలా కనిపిస్తుంది. మీ వైపు ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు కదా, వాళ్లకు ఇంకా కష్టం. సాయంత్రం చదువులో ముందు తెలుగు పేజీ అర్థమయ్యేలా చదివించి, తర్వాతే ఇంగ్లీష్ పేజీ తిప్పమనండి.

వారానికోసారి, ఆదివారం, పుణెలో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్ కలపండి. పిల్ల ఈ వారం ఎన్ని రోజులు బడికి పోయిందో పిల్ల చేతనే చెప్పించండి. దూరంగా ఉన్న తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదని అనుకుంటాం. వాళ్లకు వార్త అందక అలా కనిపిస్తారు.

మీకు ఉన్న బలం మీకు తెలుసో లేదో. 2024లో ప్రతి సర్కారు బడికీ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ వేశారు. మీ గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే దానికి అధ్యక్షురాలు, హెడ్‌మాస్టారు కన్వీనర్. బడి తలుపు తట్టి లోపలికి వెళ్లే హక్కు మీకు ఉంది. నెలనెలా సంఘం మీటింగులో అప్పుల లెక్క అయ్యాక హాజరు లెక్క కూడా చదవండి. ఫలానా ఇంటి పిల్ల పది రోజులుగా రావడం లేదు, ఎవరు వెళ్లి అడుగుతారు అని అక్కడే తేల్చుకోండి. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, వాళ్ల ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వేల మంది పిల్లల్ని పని నుంచి బడికి మళ్లించినప్పుడు ఇలాగే ఊరినే కదిలించారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా పనిపిల్లే అనేది వాళ్ల మాట. ఆ పనికే ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ మాట మొదట విన్నప్పుడు మరీ ఎక్కువ చెప్తున్నారనిపించింది నాకు. గుండీలు కుడుతున్న మీ పక్కింటి పిల్ల గురించి చదివాక అది సరైన మాటే అనిపిస్తోంది. మీరు ఆమెను ప్రేమగానే కూర్చోబెట్టుకున్నారు, నాకు తెలుసు. అయినా రేపటి నుంచి బడి వేళలో ఆమె చేతికి సూది ఇవ్వకండి.

ఒకవేళ మేస్త్రీ గానీ ఇంకెవరైనా గానీ పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనికి పట్టుకుపోతుంటే పిల్లల సాయం కోసం ఉన్న 1098 నంబరుకు ఫోన్ చేయండి. అయితే దానికి ముందు తల్లితో మాట్లాడండి. అడ్వాన్స్ అప్పు ఎంతో, పిల్ల పోకపోతే ఏమవుతుందో అడగండి. సంఘం అప్పుతో తీరేది అయితే అక్కడే తీరిపోతుంది.

కస్తూర్బాలో సీటు దొరికితే పిల్లకు రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, పళ్లెం, గ్లాసు, తాళం ఉన్న చిన్న పెట్టె పంపండి. పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించి అమ్మ ఫోన్ నంబరు, మీ నంబరు ఆ పిల్ల చేతనే రాయించండి. అంకెలు తలకిందులుగా రాస్తే పక్కన కూర్చొని మళ్లీ రాయించండి. అవ్వ ఏమన్నదో, హెడ్‌మాస్టారు ఏమన్నారో నాకు రాయండి.